చరణం దాకా

తెనాలి సంగీత సభలో రేపల్లె గురువుగారి వర్ధంతికి ఆయన పాడిన పాత రికార్డింగును ఆయన కీర్తనేనంటూ వినిపిస్తారు. చరణం మొదలయ్యేసరికి కాఫీలొస్తాయి, రికార్డింగు ఆపేస్తారు. ఆరేళ్లుగా చూస్తున్నాను.

కీర్తన కట్టినవారి పేరు ఉండేది చరణంలోనే. ఆ కీర్తన కట్టింది ఆయన శిష్యురాలు, మా అత్తయ్య అనంతలక్ష్మి. ఈసారి ఆవిణ్ణి బాపట్ల నుంచి తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాను.

"బాబాయిగారూ, కాఫీలు కాసేపాగి ఇవ్వండి. చరణం కూడా విందామండి," అన్నాను కార్యదర్శి యజ్ఞనారాయణగారితో.

"ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదమ్మా," అంటూనే వినిపించారు.

చివర్లో గురువుగారి గొంతే "అనంతలక్ష్మి" అని స్పష్టంగా పలికింది. హాలంతా అత్తయ్య వైపు తిరిగింది.

యజ్ఞనారాయణగారు మైకు అందుకున్నారు. "చూశారా గురువుగారి ఔదార్యం. తన కీర్తనలో శిష్యురాలి పేరు పెట్టారు."

చప్పట్లు మోగాయి. అత్తయ్యకు శాలువా కప్పారు.

అత్తయ్య శాలువా సర్దుకుని అదే మైకులో నెమ్మదిగా అన్నారు. "ఆయన ఔదార్యం ఒక్కదాంతో ఆగలేదు నాయనా. ఆయనవని మీరు పాడుకునే మిగతా పదకొండు కీర్తనలూ చరణం దాకా వినండి."

యజ్ఞనారాయణగారు కాఫీలు తెమ్మన్నారు.