నాన్నకు గుర్తున్న నంబరు

ఫోను మళ్ళీ ఆగిపోయింది.

“అరవై శాతం చూపించింది! ఇప్పుడే చూశాను!” లోర్నా దాన్ని అరచేతిలో వేసి కొట్టింది.

పొద్దున్నుంచి ఆమె తండ్రి ఆర్విడ్ కనిపించడం లేదు. మతి నిలకడ లేని మనిషి. బయట గోధుమ పొలాల మీద మంచు, ముఖం కోసేసే గాలి. చీకటి పడేలోగా దొరక్కపోతే ఆ తర్వాత దొరికినా లాభం లేదని ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనడం లేదు.

ఆర్విడ్‌కు భార్య పోయిన సంగతి గుర్తు లేదు. తన ఇల్లు ఎటో గుర్తు లేదు. కూతురి ఫోన్ నంబరు ఒక్కటే నోటికి వచ్చు. ఎక్కడ ఏ ఫోను కనబడినా దానికే చేస్తాడు.

ఆ ఫోనేమో ఇలా ఉంది.

వెతికేవాళ్ళందరూ ఫైర్ స్టేషన్ షెడ్డులో చేరుతున్నారు. ఇంటికో గిన్నె చొప్పున ఆడవాళ్ళు సూపూ బన్నులూ తెచ్చిపెట్టారు. గరిటె పక్కింటి బెర్నీస్ చేతిలో ఉంది.

“నేనోసారి చూడనా అమ్మా?”

బల్ల చివర కూర్చుని సూపు తాగుతున్న మనిషి. నలభై ఏళ్ళుంటాయి. భుజాల మీద రెండు జడలు. ఈ ఊరివాడు కాడు. ఉత్తరాన ఆదివాసులకు విడిగా కేటాయించిన రిజర్వు నుంచి వచ్చినట్టున్నాడు.

“బ్యాటరీకి వయసైపోతే అంతేనమ్మా. చలి తగిలిందంటే సగం ఉన్నా చచ్చిపోతుంది. ఆ శాతాలు నమ్మకూడదు.”

“ఇది ఆగితే కుదరదండీ. మా నాన్న దీనికే చేస్తాడు.”

అతని చెంచా గాల్లోనే ఆగింది. “దీనికేనా?”

“ఇంకో నంబరు రాదాయనకి.”

“ఇలా ఇవ్వండి.”

అంతలో కానిస్టేబుల్ డెజార్లే మ్యాపు చూడమని పిలిచాడు. ఫోను జడలతని ముందు పెట్టి లోర్నా వెళ్ళింది.

“ఎవరే అతను?” బెర్నీస్ గొంతు తగ్గించలేదు. “రెండోసారి పోయించుకున్నాడు. చేతిలో చూశావా, కొత్త ఫోను! ఎక్కడిదో మరి. పోయేముందు చెంచాలు లెక్క చూసుకోవాలి.”

ఎవరో నవ్వారు. లోర్నాకూ పెదవి కదిలింది.

తిరిగి వచ్చేసరికి తన ఫోను పక్కనుంచి చిన్న పలక బయటికి లాగి ఉంది. సిమ్ అతని వేళ్ళ మధ్య ఉంది. రెండో చేతిలో అతని కొత్త ఫోను.

“ఏయ్! ఏం చేస్తున్నావు నువ్వు?”

“మీ సిమ్ నా ఫోన్లో వేస్తే...”

“నీ ఫోన్లో ఎందుకు వెయ్యాలి? బాగుచెయ్యమంటే పీకి జేబులో వేసుకుంటావా? మా నాన్న మంచులో ఉంటే నీకిదా అదను?”

షెడ్డు షెడ్డంతా తలతిప్పి చూసింది.

“నే చెప్పలేదూ?” అంది బెర్నీస్.

అతను సిమ్ మళ్ళీ పాత ఫోనులోనే పెట్టి, ఆన్ అయ్యేదాకా ఆగి, ఆమె చేతికిచ్చాడు.

“బయటికి తీసుకెళ్ళకండి. తప్పదంటే ఒంటికి ఆనించి పెట్టుకోండి.”

“నాకు తెలుసులే.”

అతను టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. గిన్నెలో సూపు ఇంకా పొగలు కక్కుతోంది.

ఇక ఎవరి చేతికీ ఇవ్వదలచుకోలేదు లోర్నా. మోగగానే తీయొచ్చని ఫోను కోటు పై జేబులో వేసుకుని, కానిస్టేబుల్‌తో పాటు ఏటి గట్టు వైపు వెతకడానికి వెళ్ళింది. తిరిగి వచ్చి తీసి చూస్తే తెర నల్లగా ఉంది.

హీటరు దగ్గర పెట్టి ఛార్జింగ్ పెడితే కాసేపటికి వెలిగింది. వెలుగుతూనే ఒక వాయిస్ మెసేజ్.

“లోర్నా, ఎవరిదో ఇల్లు. ఎవ్వరూ లేరు. పసుపు కర్టెన్లు బాగున్నాయి. నువ్వు ఎత్తట్లేదు... పనిలో ఉన్నావు కాబోలు. నేనే నడిచి వచ్చేస్తాలే.”

పసుపు కర్టెన్లంటే ఓల్సన్‌ల ఇల్లు. వాళ్ళు చలికాలమంతా వెచ్చగా ఉండే అరిజోనాలో ఉంటారు. దారిలో చిక్కుకున్నవాళ్ళెవరైనా తలదాచుకోవడానికి ఆ వైపు ఇళ్ళకు తాళాలు వేయరు. ఫోను ఎత్తి ఉంటే నాన్న ఆ ఇంట్లోనే కూర్చుని ఉండేవాడు.

లోర్నా వాళ్ళు అక్కడికి వెళ్ళేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. ఇల్లు ఖాళీ.

చీకటి పడబోతుండగా వైర్‌లెస్‌లో కబురు వచ్చింది. దొరికాడు. ప్రాణం ఉంది.

ఫైర్ స్టేషన్ ముందు ఆగిన అంబులెన్సులో, చలికి గడ్డకట్టిన తండ్రి చేతులకు గుడ్డలు చుడుతూ, కొన్ని వేళ్ళు దక్కకపోవచ్చంది నర్సు. ఆర్విడ్ కూతుర్ని చూసి చిన్నగా నవ్వాడు.

“నీకు ఫోను చేశానే.”

లోర్నా తల ఎత్తలేకపోయింది. కిందికి దిగి, డెజార్లేని అడిగింది. “ఎవరు చూశారు నాన్నని?”

“బీర్డీ. ఆ జడలతను. కంచె వెంబడి ఒక్కడే నడుచుకుంటూ పోయాడు. భుజాన వేసుకుని తెచ్చాడు.”

“ఏరీ ఆయన?”

“వెళ్ళిపోయాడండీ. లోపలికొచ్చి వేడిగా ఏమైనా తాగమన్నాను. వద్దన్నాడు.”

గుమ్మంలో నిలబడ్డ బెర్నీస్ గరిటెను ఏప్రానుకు తుడుస్తూనే ఉంది.

“మనకు తెలియని మనిషి,” అంది లోర్నా. “మన కోసం అంత దూరం నుంచి ఎందుకొచ్చాడు?”

“మంచులో ఎవరు తప్పిపోయారని విన్నా వస్తాడండీ,” అన్నాడు డెజార్లే. “పోయిన చలికాలం వాళ్ళమ్మ ఇలాగే తప్పిపోయి ప్రాణాలతో దొరకలేదు. ఎవరింట్లోంచో కొడుక్కి ఫోను చేస్తూనే ఉందట, ఇతని పాత ఫోనేమో జేబులో చలికి ఆగిపోయి ఉంది.”