బొమ్మల్లేని వంటల పుస్తకం

పుస్తకం మీద రెండు చేతులు ఒకేసారి పడ్డాయి.

ఒకటి టైలరమ్మది. రెండోది ఎవరో పెద్దావిడది. ఆ చేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిన మచ్చ.

షుగరున్నవాళ్ళకి ఇంటి వంటలు అని అట్ట మీద రాసి ఉంది. సన్నటి పుస్తకం. లోపల ఒక్క బొమ్మ కూడా లేదు. షాపులో ఆ ఒక్క కాపీయే మిగిలింది.

టైలరమ్మ వదల్లేదు. పొద్దుటి నుంచి మిషను తొక్కీ తొక్కీ కాళ్ళు పీకేస్తున్నాయి. మళ్ళీ ఇంత దూరం వచ్చే ఓపిక ఆమెకి లేదు.

ఇలాంటి పుస్తకాలు ఇంట్లో ఇప్పటికే మూడున్నాయి. మొదటిదాంట్లో ఏ వంట చెయ్యాలన్నా ఓవెన్ కావాలి. రెండోదాంట్లో ఉన్న గింజల పేర్లు చదివి వినిపిస్తే, కొట్టతను "అవి మనుషులు తినేవేనా అమ్మా?" అని అడిగాడు. మూడోదాంట్లో బొమ్మలు చూస్తే నోరూరిపోతుంది. వండి పెడితే మాత్రం ఆమె భర్త ఒక ముద్ద తిని, ఆకలిగా లేదులే అంటూ లేచిపోయాడు.

"ఎవరికోసమమ్మా?" పెద్దావిడ అడిగింది.

"మా ఆయనకి. షుగరు. కాలి వేలి మీద పుండు లేచింది, ఎంతకీ మానడం లేదు."

"అయ్యో! నేనూ ఒకరికి వండిపెట్టాలి. తమ్ముడి వరసలే. మాత్రలు మింగుతాడు గానీ నోరు కట్టుకోలేడు. ఒకసారి ఇలా ఇస్తారా? నాలుగు పేజీలు తిరగేసి ఇచ్చేస్తాను."

తిరగేసి ఇచ్చేస్తామన్నవాళ్ళు తిరిగి ఇవ్వడం టైలరమ్మ ఎప్పుడూ చూడలేదు.

"డాక్టరు వేలు తీసేస్తానంటున్నాడండీ," అనేసింది.

డాక్టరు ఆ మాట అనలేదు. జాగ్రత్తగా ఉండమన్నాడు, అంతే. విసిగిపోయిన నోట్లోంచి ఆ అబద్ధం ఎలా ఊడిపడిందో ఆమెకే తెలియదు.

పెద్దావిడ చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది.

"అయితే మీరే తీసుకోండమ్మా. నేను ఎలాగో తంటాలు పడతాను."

టైలరమ్మ పుస్తకాన్ని చంకలో పెట్టుకుంది.

"ఒక్క మాట," పెద్దావిడ వెనకే వచ్చింది. "భయపడుతూ వండకండి. ఉప్పు తగ్గించినప్పుడు కాస్త నిమ్మరసం పిండండి. నోటికి బాగుంటే వాళ్ళే తింటారు. మనం పథ్యం తిండి పెట్టేసి, తినడం లేదని ఏడుస్తాం."

చెప్పేవాళ్ళకేం, ఎన్నయినా చెబుతారు అనుకుంటూ టైలరమ్మ వినీ విననట్టు బయటపడింది.

మర్నాటి నుంచి ఆ పుస్తకం పొయ్యి పక్కన చేరింది.

భర్తకి ఫ్యాక్టరీలో పని. పొద్దున్నే వెళితే చీకటి పడ్డాకే రావడం. రెండు పూటలా తిండి బాక్సుల్లోనే. టైలరమ్మ ఉప్పు తగ్గించింది, నూనె తగ్గించింది. నిమ్మరసం మాట మాత్రం మరిచిపోయింది.

అయినా బాక్సులు కడిగినట్టు ఖాళీగా వచ్చేవి.

"ఎలా ఉంది?"

"బాగుంది."

పుండు ఎండింది. డాక్టరు రిపోర్టులు చూసి, "వంట ఎవరు చేస్తున్నారమ్మా?" అని మెచ్చుకోలుగా అడిగాడు.

"నేనేనండీ," అంది టైలరమ్మ. ఆ సాయంత్రం ఎవరి జాకెట్టూ ముట్టుకోకుండా, పువ్వుల గుడ్డ కత్తిరించి ఆ పుస్తకానికి అట్ట కుట్టింది. ఎన్నాళ్ళకో ఆమెకి సంతోషంగా అనిపించింది.

ఎండలు పోయి వానలొచ్చాయి. పుండు మళ్ళీ తిరగబెట్టింది.

అదే పుస్తకం. అదే వంట. అవే ఖాళీ బాక్సులు.

ఈసారి డాక్టరు నిజంగానే అన్నాడు, వేలు తీసెయ్యాలని.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఇద్దరూ కూలబడ్డారు. టైలరమ్మకి ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఆ రోజు షాపులో తను ఆడిన అబద్ధం గుర్తొచ్చింది.

"నేనేం తక్కువ చేశానో చెప్పండి," అంది.

ఆయన నేల చూపులు చూశాడు.

"నీ తప్పేం లేదే. నీ బాక్సు నేను తింటే కదా!"

"మరి ఖాళీగా వచ్చేవిగా?"

"గేటు దగ్గర కుక్కలకి పెట్టేవాణ్ణి. మొదట్లో అవి కూడా మొహం తిప్పుకున్నాయి."

ఇంకోసారైతే ఆమె ఇల్లు పీకి పందిరేసేది.

"ఇన్నాళ్ళూ ఏం తిన్నారు మరి?" అని మాత్రం అడిగింది.

"మా క్యాంటీను అక్క వండిపెట్టేది. నా పుండు చూసిన దగ్గర్నుంచీ నాకని విడిగా, చిన్న గిన్నెలో. 'మీ ఆవిణ్ణి ఒకసారి తీసుకురా తమ్ముడూ, నేర్పిస్తాను' అని ఎన్నిసార్లు చెప్పిందో. నువ్వు బాధపడతావని నేనే తీసుకెళ్ళలేదు."

"ఇప్పుడు ఆవిడేదీ?"

"వానలకి ముందే క్యాంటీను ఎత్తేశారు. దాని బదులు మిషను పెట్టారు. మీట నొక్కితే బిస్కెట్లు పడతాయి, నేనూ అవే తింటున్నాను. అక్క ఎటు పోయిందో ఎవరికీ తెలీదు."

టైలరమ్మ కళ్ళు మూసుకుని గోడకి జారబడింది.

"పిచ్చి మనిషి అక్క," అన్నాడాయన తనలో తను అనుకుంటున్నట్టుగా. "నాకోసమని ఒకసారి వంటల పుస్తకం కొనడానికి వెళ్ళి, ఎవరో ఆవిడ భర్తకి వేలు తీసేస్తున్నారట పాపం, ఆమెకే వదిలేశానంటూ వట్టి చేతులతో తిరిగొచ్చింది."