అద్దంలో అంచు

"పెళ్ళికూతుర్ని తెమ్మంటే శవాన్ని తెచ్చి నిలబెడతారా?"

డైరెక్టర్ కుజుమి అరుపుకి క్యోటో స్టూడియో మొత్తం బిగుసుకుపోయింది. లైట్ల కింద పెళ్ళి కిమోనోలో ఫుమియే తలొంచుకుని నిలబడింది. గౌనుల్లో పెరిగిన పిల్ల, ఇదే మొదటి సినిమా. బతికున్నవాళ్ళకి గుండెల మీద కిమోనో ఎడమ అంచు, కుడి అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి మడిచేది పోయినవాళ్ళకే. ఫుమియే కట్టుకున్నది అలాగే ఉంది.

మిగిలింది ఈ ఒక్క షాటు. రేపు సెట్టు పీకేస్తారు. బట్టలు కట్టే తోయోనో పిన్నేమో జబ్బుతో మంచం పట్టింది.

"ఆ పిల్లనెందుకు నాయనా ఏడిపిస్తావ్?"

కుజుమి వెనక్కి తిరిగాడు. మెడదాకా శాలువా బిగించుకుని తోయోనో నిలబడి ఉంది.

"పిన్నీ! లేచొచ్చేశావా?"

"నువ్వు క్లాపు పలక మోసే రోజుల్నుంచీ చూస్తున్నావుగా. ఒక్క సినిమా అయినా సగంలో వదిలానా?" అంటూ ఆమె ఫుమియే నడుముపట్టీ విప్పింది.

"అమ్మో, మీ చేతులు మంచుగడ్డలండీ!"

"బయట మంచు పడట్లా? అద్దంలో చూసి కట్టుకున్నావా?"

"అవునండీ. అచ్చం నాకిచ్చిన ఫోటోలో ఉన్నట్టే కనిపించింది."

"అదే కొంప ముంచింది. అద్దం తిరగేసి చూపిస్తుందే పిల్లా. అందులో సరిగ్గా కనిపించిందంటే తప్పు కట్టినట్టే."

కుజుమికి ప్రాణం లేచొచ్చింది. శాలువా కింద కనిపిస్తున్న కొత్త కిమోనో కేసి చూసి, "పిన్నీ, నీ కిమోనో మీద ఇంకొకళ్ళని చెయ్యి వెయ్యనివ్వవు. ఇవాళ ఈ కట్టు నీది కాదే!" అన్నాడు.

"మా కోడలు కట్టింది. పొద్దున్నే ఒళ్ళు తుడిచి, తల దువ్వి, తనే కట్టింది. కట్టినంతసేపూ ఏడుపే."

"చేతకాకా?"

"ఛ. ఒక్క తప్పు లేకుండా కట్టింది."

షాటు మొదటిసారికే వచ్చింది. పెళ్ళికూతురు తలెత్తి నవ్వేసరికి లైట్లవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టారు. కుజుమి "కట్" చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

తోయోనో మూలనున్న నిలువుటద్దం ముందు, వీళ్ళకి వీపు పెట్టి నిలబడింది.

"నిలబెట్టావు పిన్నీ! ఇంక ఆ శాలువా తియ్యి, లైట్ల వేడికి ఉడికిపోతావు."

"తీస్తాలే. నా పని అయిపోయిందిగా."

కుజుమి వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాడు. అద్దంలో తను వేసుకున్న కిమోనోకి కుడి అంచు పైకొచ్చి కనిపించింది. ఉలిక్కిపడి, వెంటనే నవ్వుకున్నాడు. అద్దం తిరగేస్తుంది కదా.

శాలువా జారింది.

అద్దంలో, పక్కన తోయోనో అంచు మాత్రం సరిగ్గా ఉంది.