తలుపు తట్టని మనిషి

"తలుపు తట్టు పెద్దాయనా! ఎన్నిసార్లు చెప్పాలి?"

ఏవ్రిల్ అరుపుకి స్టేజీ మీది ముసలాయన ఆగాడు. భుజాన ఉన్న గోనెసంచిని అట్టతలుపు ముందు దించి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోబోతున్నాడు.

"తట్టడమ్మా. తడితే ఎవరో ఒకరు తలుపు తీస్తారుగా."

"నాటకం నాదా, నీదా?"

"నీదే బంగారం."

వంటావిడ వేషంలో ఉన్న బస్సు డ్రైవర్ నెవిల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒక్క ముక్క డైలాగు లేని వేషం ఇచ్చినా పేచీయేనా తాతా?"

ముసలాయన ఊళ్ళోకి వచ్చి పదిరోజులైంది. నాటకానికి మనుషులు కావాలన్న కాగితం చూసి హాల్లోకి వచ్చాడు. పేరడిగితే టెడ్ అన్నాడు. వెలగని దీపాలు వెలిగించాడు, తెరలు కట్టాడు, అట్టతలుపుకి బందులు బిగించాడు. సంచి మోసే వేషగాడు జ్వరంతో పడుకుంటే ఏవ్రిల్ ఈయన భుజాన సంచి పెట్టింది.

ఆ క్రిస్మస్ నాటకం కల్పన కాదు. ఆ ఊరి కథే.

నలభై ఏళ్ళ కిందట ఇంగ్లండులోని డర్హం బొగ్గు గనుల్లో సమ్మె. ఏడాదిపాటు ప్రభుత్వం గనివాళ్ళ కడుపులు మాడ్చింది. క్రిస్మస్‌కి రెండురోజుల ముందు, ఇదే హాలు వంటగది వెనకతలుపు దగ్గర ఎవరో సంచులు పెట్టిపోయారు. పన్నెండు టర్కీ కోళ్ళు. అరవైమంది పిల్లలు కడుపునిండా తిన్నారు. పదకొండేళ్ళ ఏవ్రిల్ రెండోసారి కూడా పెట్టించుకుంది.

పెట్టింది ఎవరో ఇప్పటికీ తెలియదు.

ఆయన్ని వెతకడానికే ఏవ్రిల్ ఈ నాటకం రాసింది. "బతికుంటే రండి. ముందువరుసలో మధ్య కుర్చీ మీది" అని పేపర్లో వేయించింది. ఆ చెయ్యి పట్టుకుని ఒక్కమాట చెప్పుకోవాలి. ఇంకేం అక్కర్లేదు ఆమెకి.

"మళ్ళీ చేద్దాం. లైటు ఆయన మొహం మీద వెయ్యండి!"

వేశారు.

స్టేజీ పక్కన కూర్చుని డైలాగులు అందిస్తున్న థెల్మా లేచి నిలబడింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. చేతిలో పుస్తకం జారిపోయింది.

"టోపీ తియ్యి."

ఆయన తీశాడు.

"ఎడ్విన్ ఆర్డ్," అంది థెల్మా.

"ఏంటి థెల్మా అత్తా?" అంది ఏవ్రిల్.

"సమ్మె చేశాడని నా మొగుణ్ణి జైల్లో వేశారే, ఆ నెలలోనే వీడు రాళ్ళు తగలకుండా ఇనపవల కట్టిన బస్సెక్కి గని పనిలోకి దిగాడు. అవునా కాదా? చెప్పు!"

"దిగాను," అన్నాడు ఎడ్విన్.

"మరి ఏ మొహం పెట్టుకొచ్చావురా ఇక్కడికి?"

"మనుషులు కావాలన్నారుగా."

"మనుషులు కావాలన్నాం. ద్రోహులు కాదు."

సమ్మె విరిచినవాడికి ఆ ఊళ్ళో శిక్ష ఒక్కటే. కొట్టరు. తరమరు. వీపు చూపిస్తారు.

ముందు థెల్మా తిరిగింది. తర్వాత నెవిల్, వంటావిడ టోపీతో సహా. తర్వాత సమ్మెనాటికి పుట్టనే పుట్టని కుర్రకారు. ఎవరూ నేర్పకపోయినా ఒక్కొక్కరే గోడవైపు తిరిగారు. ఏ రిహార్సల్లోనూ అంత కలిసికట్టుగా కదిలింది లేదు వాళ్ళు.

ఏవ్రిల్ ఒక్కతే మిగిలింది. ఆయన ఆమెనే చూస్తున్నాడు. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు.

ఆమె వీపు తిప్పింది.

సంచి నేల మీద పెట్టిన చప్పుడు. అడుగులు. తలుపు.

ఏడాదంతా సమ్మెలో నిలబడ్డ నాన్న ఉంటే శభాష్ అనేవాడనుకుంది ఏవ్రిల్. మర్నాటికి ఆ శభాష్ చేదెక్కింది. తెరిచిన ఆ నోరే కళ్ళముందు మెదిలింది. ఏం చెప్పబోయాడో కనీసం విననైనా వినలేదు. ఆయన వెలిగించిన దీపాల కింద రిహార్సల్ చేస్తూ ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఆయన మాటా ఎత్తలేదు.

శనివారం హాలు కిటకిటలాడింది. ముందువరుసలో మధ్య కుర్చీ మాత్రం ఖాళీ.

తెర లేవడానికి పది నిమిషాలుందనగా రెండు కర్రల మీద ఒక వృద్ధుడు వచ్చాడు.

"నేను హెడ్లీని అమ్మాయ్. ఇక్కడ మాంసం కొట్టు ఉండేది నాకు. కొట్టు మూసి సముద్రం వైపు వెళ్ళిపోయాలే. నీ ప్రకటన చూశాను."

ఏవ్రిల్ ఆయన చేతికేసి చెయ్యి చాచింది. "మీరేనా?"

"నేనెక్కడ! కోళ్ళు అమ్మినవాణ్ణి, అంతే. కొన్నవాడు బతికుండగా పేరు చెప్పనని ఒట్టేశాను. గురువారం పోయాడు. ఇంక ఒట్టు తీరిపోయింది."

"రెండురోజులు ఆలస్యమా!" ఏవ్రిల్ కళ్ళు తుడుచుకుంది. "పేరు చెప్పండి. తెర లేపకముందే చెప్తాను. హాలంతా లేచి నిలబడుతుంది."

హెడ్లీ హాలంతా ఒకసారి చూశాడు.

"నిలబడతారో లేదో. అప్పుడే తెలిసుంటే మీ అమ్మలు ఆ కోళ్ళని మురుక్కాలవలో విసిరేసేవాళ్ళు. మీరంతా పస్తుండేవాళ్ళు. అందుకే చెప్పొద్దన్నాడు."

ఏవ్రిల్ వీపు భగ్గున మండింది. వద్దు, ఆ పేరు చెప్పొద్దు అనాలనుకుంది. తల దించుకుని తన బూట్లకేసే చూస్తూ నిలబడింది.

"బస్సెక్కి గనిలోకి దిగిన మూడు వారాల కూలీ తెచ్చి నా బల్ల మీద పోశాడమ్మా," అన్నాడు హెడ్లీ, "ఎడ్విన్ ఆర్డ్."