మూడో కర్ర దగ్గర

"కొరడా అక్కడే ఉండనీ నాన్నా. నాకక్కర్లేదు."

మేకుకు వేలాడుతున్న కొరడా వైపు చూడనైనా చూడకుండా కూతురు పొడవాటి తాడు చుట్ట భుజాన వేసుకుంది. వరండా కుర్చీలో మాస్టారు చేతికర్రతో నేల మీద కొట్టాడు.

"నా తుంటి విరగ్గొట్టినదానికి బుజ్జగింపులా? అమ్మేస్తే పీడా పోతుంది."

"అమ్మనివ్వను."

"యజమాని నా మాట వింటాడా, నీ మాట వింటాడా?"

"నీ మాటే వింటాడు. అందుకే అమ్మొద్దన్న మాట నీ నోటితోనే అనిపిస్తాను."

గుమ్మంలో ఉన్న తల్లి తల పట్టుకుంది. తండ్రీ కూతుళ్ళిద్దరివీ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే బుద్ధులు. లాయం యజమాని నిన్ననే తేల్చి చెప్పి వెళ్ళాడు. నలభై రోజుల్లో మాస్టారు స్వయంగా 'పనికొస్తుంది' అంటే మిరపకాయ లాయంలో ఉంటుంది. లేదంటే బండ్లు లాగించేవాళ్ళకి అమ్మేస్తాడు.

మిరపకాయంటే ఆ ఎర్ర ఆడగుర్రం. అడ్డకర్రల మీంచి దూకే పోటీల్లో దానికి ఎదురుండేది కాదు. ఆరు నెలల కిందట కొరడా దెబ్బకి బెదిరి మాస్టార్ని విసిరేసింది. ఎముక అతుక్కుని మూడు నెలలైంది. డాక్టరు నడవమన్నాడు. ఆయన కుర్చీ దిగడు. ముప్పై ఏళ్ళు గుర్రాలని ఆడించిన మనిషికి భయం పట్టుకుందని తల్లికి తెలుసు. ఆ మాట ఆ ఇంట్లో పైకి అనే ధైర్యం ఎవరికుంది?

మొదటి వారం కూతురు గుర్రాన్ని లాయం వెనక వాలు మీదే తిప్పింది. అక్కడేం జరుగుతోందో ఇంటికి కనబడదు. తల్లి టీ పట్టుకెళ్ళి అడిగింది.

"కొట్టకుండా ఎలా వింటుందే?"

"చిన్నది అడగాలమ్మా. ఒక్క అడుగు. అది వెయ్యగానే మనం అడగడం మానేసి, మొహం తిప్పుకుని వెళ్ళిపోవాలి. బలవంతం లేదని తెలిస్తే రేపు ఇంకో అడుగు అదే వేస్తుంది. కళ్ళలోకి సూటిగా చూడకూడదు. పక్కకి తిరిగి నిలబడాలి."

"మొండికేస్తే?"

"నేను నీ కూతుర్నే కాదు, ఆయన కూతుర్ని కూడా."

రెండో వారం గుర్రాన్ని వరండాకి ఎదురుగా ఉన్న ఇసుక బరిలోకి తెచ్చింది. తాను మధ్యలో నిలబడి, తాడు చివర గుర్రాన్ని గుండ్రంగా పరిగెత్తించేది. దారిలో మూడు అడ్డకర్రలు. మిరపకాయ మొదటిది దూకేది, రెండోది దూకేది, మూడో దాని ముందు మేకు దిగ్గొట్టినట్టు ఆగిపోయేది. రోజూ ఇదే వరస.

"నీ భుజం దాని మొహానికి అడ్డం పోతోంది!" మాస్టారు కుర్చీలోంచి అరిచాడు. "అడ్డం పోతే ఆగక చస్తుందా? వెనక్కి జరుగు."

"వినబడ్డం లేదు."

పళ్ళు కొరుక్కుంటూ ఆయన లేచాడు. కర్ర ఊతంగా వరండా అంచు దాకా వచ్చాడు. ఆయన అక్కడికి రాగానే కూతురు తాడు చుట్టేసి, అటు తిరిగి లాయంలోకి వెళ్ళిపోయింది.

నాలుగు రోజుల తర్వాత ఆయన మెట్లు దిగాడు. ఆ రోజూ అంతే, పాఠం ఆపేసింది. మూడు వారాలు దాటాక కంచె దాకా వచ్చి, కమ్మీ పట్టుకుని తిట్టాడు. కూతురు గుర్రాన్ని తీసుకుని చక్కా పోయింది.

ఆ సాయంత్రం తల్లి ఇక ఊరుకోలేకపోయింది.

"అంత కష్టపడి ఆయన కంచె దాకా వస్తే మొహం తిప్పుకుపోతావా? మాట్లాడేటప్పుడు కూడా ఎటో చూస్తావు. ఇదేం పొగరే?"

"నా పని నన్ను చేసుకోనీ అమ్మా."

"ఆయన చెప్పినట్టు భుజం వెనక్కి పెడితే నీ సొమ్మేం పోతుంది?"

"మర్చిపోతున్నాను."

పదేళ్ళప్పుడే జీను లేకుండా స్వారీ చేసిన పిల్ల! రెండు వారాలుగా అదే తప్పు చేస్తుంటే తల్లికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. గడువేమో దగ్గరికొచ్చేస్తోంది.

నలభయ్యో రోజు పొద్దున్నే యజమాని వచ్చి కంచె బయట నిలబడ్డాడు. మిరపకాయ ఒకటి దూకింది, రెండు దూకింది. మూడో కర్ర ముందు మళ్ళీ ఆగింది. యజమాని పెదవి విరిచాడు.

"గుర్రాన్ని అనకండి," అన్నాడు మాస్టారు. "గుర్రంలో తప్పు లేదు. తప్పంతా ఈ మొద్దుదాంది."

ఆయన చేతికర్రను కంచెకి ఆనించి, తలుపు తోసుకుని బరిలోకి నడిచాడు. కూతురి ముందు చెయ్యి చాపాడు.

"ఇలా తే."

ఆమె తాడు ఇచ్చి బయటికొచ్చేసింది. మాస్టారు, తనని పడేసిన గుర్రం ఎదురెదురుగా మిగిలారు. ఆయన అర అడుగు వెనక్కి వేసి, చెయ్యి ముందుకు పెట్టాడు. మిరపకాయ తల దించి ఆయన అరచెయ్యి వాసన చూసింది. కాసేపటికి ఆయన దాని నుదురు నిమిరి, భుజం వెనక్కి పెట్టి, నాలుకతో టక్కుమనిపించాడు. గుర్రం మూడు కర్రలూ దూకి, ఆగకుండా రెండో చుట్టు కూడా దూకింది.

"ఏమంటారు మాస్టారూ?" అడిగాడు యజమాని.

"అమ్మే మాటెత్తితే నన్ను కూడా దాంతో పాటే అమ్మండి."

ఆయన గుర్రాన్ని నడిపించుకుంటూ లాయం వైపు వెళ్ళిపోయాడు. చేతికర్ర కంచె దగ్గరే ఉండిపోయింది. తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఎంత మొండి గుర్రమే, నలభై రోజులు పట్టించింది!"

కూతురు నాన్న అడుగులే చూస్తూ మెల్లగా అంది.

"గుర్రానికి వారమే పట్టిందమ్మా."