కువైట్ చీటీ

"నాకు జపాన్ వద్దండి టీచర్. కువైట్ కావాలండి."

రమ్యశ్రీ తను తీసిన చీటీని మళ్లీ మడిచి బల్లమీద పెట్టింది. సోషల్ టీచరు సుప్రియకి చిరాకేసింది. చీటీ తీశాక దేశం మార్చుకోకూడదని ముందే చెప్పింది. వచ్చే సోమవారం అమలాపురం నుంచి భాస్కరరావుగారనే అధికారి వస్తున్నారు. పిల్లల్ని ప్రపంచ పౌరులుగా ఎలా తయారుచేస్తున్నారో ఆయన చూడాలి. ఆయన ముందు తొమ్మిదో తరగతి అంతా ఐక్యరాజ్యసమితిలా కూర్చుని మాట్లాడాలి. ఏ దేశం ఏం మాట్లాడాలో సుప్రియే రాసిస్తుంది. పిల్లలు బట్టీపట్టి అప్పజెబుతారు.

కువైట్ చీటీ తేజకి వచ్చింది. వాడు వెంటనే ఒప్పుకున్నాడు.

"ఇచ్చేయండి టీచర్. వాళ్లమ్మ అక్కడే కదండీ, సగం కువైట్ వాళ్లదే."

క్లాసంతా నవ్వింది. రమ్యశ్రీ నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. ఆమె తల్లి సత్యవేణి ఇంటిపనికని రెండేళ్ల గడువు మీద కువైట్ వెళ్లింది. నాలుగేళ్లయింది. పాస్‌పోర్టు యజమానుల బీరువాలో ఉంది. ఆ సంగతి క్లాసులో అందరికీ తెలుసు.

సుప్రియ ఆ పిల్లని వరండాలోకి తీసుకెళ్లింది.

"కువైట్ తీసుకుంటే కువైట్ తరఫునే మాట్లాడాలమ్మా. మీ అమ్మ తరఫున మాట్లాడ్డానికి కుదరదు. తట్టుకోగలవా?"

"ఆయ్. కువైట్‌లాగే మాట్లాడతానండి."

ఆ సాయంత్రం సుప్రియ రెండు దేశాల కాగితాలు చింపి కొత్తగా రాసింది. గడువు తీరిన మా పనివాళ్లని పాస్‌పోర్టులిచ్చి పంపించండని ఇండియా అడుగుతుంది. మీ కోరికని గౌరవిస్తున్నాం, వెంటనే పంపిస్తామని కువైట్ అంటుంది. అంతే, రెండు వాక్యాలు. దానివల్ల ఒరిగేదేమీ లేదని ఆమెకి తెలుసు. అయినా ఆ మాట ఒక్కసారి తన నోటితో తను అనుకుంటే పిల్ల గుండె కాస్త తేలికపడుతుందనిపించింది. తను చేయగలిగింది అంతకన్నా ఏమీ లేదన్న సంగతిని ఆ రెండు వాక్యాల కింద దాచుకుంది.

సోమవారం బెంచీలు గుండ్రంగా వేశారు. రంగు కాగితాల జెండాలు ఫ్యాను గాలికి కొట్టుకుంటున్నాయి. ఇండియా తరఫున ప్రవీణ్ కుమార్ లేచాడు. స్కూల్లో వాడంత బాగా మాట్లాడేవాడు లేడు. ఎక్కడా తడబడకుండా అడగాల్సింది అడిగి కూర్చున్నాడు.

రమ్యశ్రీ లేచింది. సుప్రియ రాసిచ్చిన కాగితం ఆమె చేతిలో లేదు.

"మేం ఆవిణ్ణి కొట్టలేదు. తిట్టలేదు. మేం తినేదే పెడుతున్నాం. మా అత్తగారు మంచంలో ఉంది. ఈవిడ చేత్తో పెడితేనే తింటుంది, ఇంకెవరు పెట్టినా ఉమ్మేస్తుంది. ఈవిడ వెళ్లిపోతే వారంలో ఆ ముసలామె పోతుంది. ఆ పాపం మీరు తీసుకుంటారా? మీకూ తల్లులున్నారు కదా. నాలుగేళ్లు ఉన్న మనిషి ఇంకొన్నాళ్లు ఉంటే ఏమవుతుంది?"

గొంతులో ఏడుపు లేదు. ఎవరో పెద్దింటావిడ, అలిసిపోయి, మర్యాద తప్పకుండా చెబుతున్నట్టుంది. చెప్పడం అయ్యాక కూర్చుంది. నోటుబుక్కు తెరిచి, పెన్ను మూత తీసి, ప్రవీణ్ వైపు చూసింది.

వాడు కాగితం తిరగేశాడు. వెనకవైపు ఏమీ లేదు. సుప్రియ వైపు చూశాడు. చట్టం అనో ఒప్పందం అనో అందిద్దామని సుప్రియ నోరు తెరిచింది. ముద్ద కోసం ఎదురుచూస్తున్న ముసలి నోరొకటి కళ్లముందుకొచ్చింది.

"గడువు అయిపోయింది కదా" అన్నాడు ప్రవీణ్, చివరికి.

"అయిపోయింది. మేం కాదనలేదు" అంది రమ్యశ్రీ.

పెన్ను పట్టుకుని ఇంకా చూస్తోంది. ప్రవీణ్ నుంచి ఫ్రాన్సు వైపు, ఫ్రాన్సు నుంచి జపాన్ జెండా వెనక కూర్చున్న తేజ వైపు తిరిగింది. ఒక్కో దేశమే తల దించుకుంది.

భాస్కరరావుగారు చప్పట్లు కొట్టారు. అవతలివాళ్ల మనసులోకి దూరి మాట్లాడటం పెద్దవాళ్లకే చేతకాదని, ప్రపంచ పౌరురాలంటే ఇలా ఉండాలని మెచ్చుకున్నారు. ఫారంలో పదికి పది వేసి, కొబ్బరినీళ్లు తాగి వెళ్లిపోయారు.

పిల్లలు బెంచీలు సర్దుతున్నారు. రమ్యశ్రీ కూర్చున్నచోటే ఉంది. ఆమె ముందు పేజీ తెల్లగానే ఉంది. సుప్రియ వచ్చి పక్కన కూర్చుంది. కోపమో దిగులో ఆమెకే తెలియడం లేదు.

"నేను రాసిచ్చింది ఎందుకు చదవలేదమ్మా? పంపిస్తామని ఒక్క మాట అనుంటే ఏం పోయేది? నీ నోటితో నువ్వే మీ అమ్మని పంపనన్నావు."

రమ్యశ్రీ పెన్నుకి మూత పెట్టింది.

"అవన్నీ ఆ ఇంటావిడ అమ్మతో అన్నవేనండి. ఏం జవాబు చెప్పాలో తెలీక అమ్మ నన్నడిగింది. ఇన్ని దేశాలున్నాయి కదా, ఎవరైనా చెబితే రాసుకుందామని కువైట్ తీసుకున్నానండి."