చాల్లేదు

సామాన్ల లారీ గేటు ముందు ఆగింది. మంచం దింపారు. లోపలికి వెళ్ళడానికే దారి లేదు. ఎవరో ముసలావిడ చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద దర్జాగా కూర్చుని ఉంది.

"కాస్త లేవండి మామ్మగారూ. మంచం లోపలికి పోవాలి."

ముసలావిడ కాళ్ళు మాత్రం ముడుచుకుంది.

"లేవమంటున్నాను. ఇది నా ఇల్లు."

"అయితే గట్టిగా చెప్పు," అంది ముసలావిడ, వీధి వైపు చూస్తూ.

ఇల్లు కొనుక్కున్నామెకు ఒళ్ళు మండింది. వచ్చిన పూటే వెక్కిరింపా అనుకుంది. మంచాన్ని నిలువునా తిప్పి ఆవిడ పక్కనుంచి దూర్చేసరికి పనివాళ్ళకి తలప్రాణం తోకకొచ్చింది.

ఆమె ఆస్పత్రిలో శవాల బండి నడుపుతుంది. ఇల్లు కొనడానికి తిరగని వీధి లేదు. ఏం చేస్తుంటావమ్మా అని ప్రేమగా అడిగేవాళ్ళు, చెప్పగానే ముఖం మాడ్చుకునేవాళ్ళు, మర్నాడు అమ్మే ఉద్దేశం లేదని కబురు పెట్టేవాళ్ళు. ఈ ఇంటివాళ్ళు మాత్రం పనేమిటో విని మరీ సరేనన్నారని లాయరు చెప్పాడు. ఒంట్లో బాగోక రిజిస్ట్రేషనుకి రాలేకపోతే, వాళ్ళ తరఫున లాయరే సంతకాలు పెట్టాడు. ఎవరో పెద్ద మనసున్నాయన అనుకుంది ఆమె.

వీధి మనసు మాత్రం అంత పెద్దది కాదు. దిగిన సాయంత్రానికే ఆమెకు 'ఆఖరి బండి' అని పేరు పెట్టేసింది. మర్నాడు వీధి సంఘం సెక్రటరీ గేటు దగ్గరికొచ్చాడు. ఆమె ఉండటానికి ఎవరికీ అభ్యంతరం లేదనీ, ఆ బండి మాత్రం కంటబడకూడదనీ, పిల్లలు జడుసుకుంటారనీ ఎంతో మర్యాదగా చెప్పాడు.

"ఆ బండి నడపబట్టే ఈ ఇల్లొచ్చింది. అదీ ఇక్కడే ఉంటుంది," అంది ఆమె.

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. ఇన్నాళ్ళకి ఓ గూడు దొరికింది, దిగీ దిగగానే తగువులెందుకని బతిమాలింది. పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి బండి ఆమె దగ్గరే ఉండాలి. పళ్ళు కొరుక్కుంటూ తీసుకెళ్ళి వెనక వీధిలో పెట్టింది. సొంతింటికి సందులోంచి దొంగలా నడిచి వచ్చిన ఆ పూట అన్నం సయించలేదు.

ముసలావిడ రోజూ వచ్చేది. ఇంటికి వీపు పెట్టి, వీధిని చూస్తూ మెట్ల మీద కూర్చునేది. సెక్రటరీ, ఆయన వెంట ఉండే నలుగురూ గేటు దాకా వచ్చి, ఆవిడతో ఏదో గొణిగి వెనక్కి తిరిగేవాళ్ళు. ఓహో, ఇది వీధివాళ్ళు పెట్టిన కాపలా అని ఆమె తేల్చేసుకుంది.

సాయంత్రం ఆమె నడిచి రాగానే ముసలావిడది ఒకటే ప్రశ్న.

"బండేది?"

"వెనక వీధిలో ఉంది. చాలా?"

"చాల్లేదు."

రోజూ ఇదే తంతు. ఒకనాడు ఆమె బండిలో తీసుకెళ్ళింది ఓ చంటిబిడ్డని. మనసు బాగోలేక ఇంటికొస్తే మళ్ళీ అదే ప్రశ్న, అదే 'చాల్లేదు'.

"ఇంకా ఎక్కడ పెట్టమంటారు, ఊరవతలా? రేపట్నుంచి మీరు నా మెట్లెక్కొద్దు."

ముసలావిడ ఆమెను ఎగాదిగా చూసింది. కోపం వచ్చినట్టు లేదు. కర్ర ఊతంతో లేచి, తను కూర్చున్న చోటు అరచేత్తో తుడిచింది.

"సరే. ఇక నువ్వే కూర్చో," అని వెళ్ళిపోయింది.

మెట్లు ఖాళీ అయ్యాయి. సెక్రటరీ ఇక గేటు దగ్గర ఆగడం మానేశాడు. తిన్నగా గుమ్మం దాకా వచ్చి, వెనక వీధివాళ్ళకీ ఇబ్బందిగా ఉందనీ, మంచి బేరం తనే చూసి పెడతాననీ అమ్మతో చెప్పి వెళ్ళాడు. అమ్మ సర్దిన గిన్నెల్ని మళ్ళీ మూట కట్టసాగింది. ఆమె ఆ మూట విప్పుతుండగా ఆస్పత్రి నుంచి పిలుపు వచ్చింది.

దుప్పటి కింద ఉన్నది మెట్ల మీది ముసలావిడ. ఇన్నాళ్ళూ గయ్యాళిలా కనిపించిన ఆ ముఖం ఇప్పుడు చాలా చిన్నదిగా ఉంది. పక్కన ఆవిడ మేనకోడలు ఒక్కతే నిలబడి ఉంది.

బండి కదిలాక ముందు సీట్లోంచి మేనకోడలే మాట కలిపింది.

"నిన్న కూడా మీ గురించే అడిగింది. 'ఆ పిల్ల బండిని ఇంటి ముందుకి తెచ్చుకుందా?' అని. ఇంకా లేదంటే ఒకటే సణుగుడు."

ఆమె కాలు బ్రేకు మీద పడింది.

చాల్లేదు. చాల్లేదు. చాలనిది దూరం అనుకుంది తను. ఆవిడ చాలదన్నది తన ధైర్యం. అలాంటి మనిషినా మెట్లు దింపేశాను అనుకుని సిగ్గుతో చచ్చిపోయింది.

శ్మశానానికి నేరుగా వెళ్ళాలి. ఆమె స్టీరింగు ఇంటి వైపు తిప్పింది.

పట్టపగలు, వీధి వీధంతా చూస్తుండగా, శవాల బండి ఆ ఇంటి గేటు ముందు ఆగింది. సెక్రటరీ చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు.

ఆమె దిగి వెళ్ళి మెట్ల మీద కూర్చుంది, ముసలావిడ తుడిచిపెట్టిన చోట.

"ఇది నా ఇల్లు," అంది, చివరింటికి కూడా వినపడేలా. "ఇవాళ్టి నుంచి బండి ఇక్కడే ఉంటుంది."

సెక్రటరీ ఏదో అనబోయాడు. మేనకోడలు బండి దిగడం చూసి, లోపల ఉన్నదెవరో అర్థమై రెండడుగులు వెనక్కి వేశాడు.

మేనకోడలు వచ్చి ఆమె పక్కన కూర్చుంది. మెట్టుని చేత్తో నిమురుతూ మెల్లగా అంది.

"మీకు అమ్మొద్దని వీళ్ళంతా గేటు ముందు గుమిగూడితే, మా అత్తయ్య ఇక్కడే కూర్చుని, 'రేపు మనందర్నీ మోసేది ఆ పిల్లేగదర్రా, ఇల్లు నాది, దానికే అమ్ముతా' అని అందర్నీ తరిమేసింది."